నేను ఏ వైపు కన్నుని?

నేను ఒక తెల్లగుడ్డుని. కోడి పెట్టింది కాదు లెండి, కంటిది. అలాగని నిజం కన్నూ కాదు. కళ్ల ఆసుపత్రుల్లో సహాయకులుగా పనిచెయ్యబోయేవాళ్లకి పాఠం చెప్పడానికి కర్రతో చేసిన కంటి బొమ్మకి పైడొల్లని. కొబ్బరికాయంత ఉంటాను. మధ్యకి రెండు చిప్పలుగా విడిపోతాను. లోపల ఎర్రటి పొర, దాని లోపల నారింజరంగు పొర, గాజు గోళీలాంటి కటకం, అందరినీ కడుపులో పెట్టుకుని కాచేది నేనే. అయినా పాఠం మొదలైన రెండో నిమిషంలోనే నన్ను విప్పి పక్కన పెట్టేస్తారు. లోపలివాళ్లకున్న రంగులు నాకు లేవు మరి.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. అనకాపల్లి శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే వసుంధరా మేడమ్ కాగితం మీద కన్ను గీసుకుని, లక్కబొమ్మలు చేసే పెదముత్యాలు దగ్గరికి వచ్చింది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటమ్మా, కన్నంటే నల్లగుడ్డు కదా! ఈ తెల్లడొల్లని ఎవులు సూత్తారు?" అన్నాడు.

"అసలు కన్ను గుండ్రంగా నిలబడేది దాని బలంతోనే బాబూ. పైపొరలో ఆరింట ఐదు వంతులు అదే. వెనక మందంగా ఉండాలి, కండరాలు అతికే చోట బాగా పలచబడాలి," అందామె.

పెదముత్యాలు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. డొల్ల చుట్టూ ఒకే మందం తీసుకురావడానికి ఆయన చేతికి ముప్పై ఏళ్లు పట్టింది. ఇప్పుడీవిడ వచ్చి ఓచోట మందం, ఓచోట పలచన అంటే పని రానివాడు చేసినట్టుండదూ? గొణుక్కుంటూనే అంకుడు కర్రని లేత్‌కి బిగించాడు. చెప్పినట్టే చేశాడు. వెనకాల దృక్‌నాడి, అంటే చూపు నరం, పోవడానికి ఓ బెజ్జం పెట్టమంటే, తిరుగుతున్న కర్రలోకి ఉలి దించాడు. తెల్ల లక్క పూసి, మొగలి ఆకుతో రుద్ది మెరుగుపెట్టాడు. మేడమ్ నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. పక్క సీటు ముసలమ్మ నన్ను చూసి దణ్ణం పెట్టింది. ఏ దేవుడనుకుందో నాకైతే తెలియదు.

తొమ్మిదేళ్లు బీరువాలోంచి బల్ల మీదికి, బల్ల మీంచి బీరువాలోకి తిరిగాను. ఈ తొమ్మిదేళ్లలో మనుషుల్ని బాగానే చదివాను. ప్రేమ పుడితే నల్లగుడ్డుని పొగుడుతారు. నన్ను తలుచుకునేది కామెర్లేమోనని అనుమానం వచ్చినప్పుడే. అప్పుడు మాత్రం అద్దం ముందు నిలబడి, కింది రెప్ప లాగి, నా జాతివాళ్లని బతిమాలుతున్నట్టు చూస్తారు. ఇంకో సంగతి చెప్పనా? పరీక్షలో పక్కవాడి కాగితంలోకి చూపు జారితే పట్టించేది నల్లగుడ్డు కాదు, ఓ మూల తళుక్కుమనే తెలుపు. మేడమ్ అలా ఎంతమందిని పట్టుకుందో లెక్కలేదు.

ఆ కేంద్రం హాస్టల్లో ఓ ఆచారం ఉంది. కొత్తగా చేరినవాళ్లకి సీనియర్లు మొదటి వారమే చెవిలో వేస్తారు: "మౌఖిక పరీక్షలో ఆ బొమ్మ చూపించి ఏ వైపు కన్నని అడుగుతారు. కుడి అనెయ్యి." అందరూ అదే అనేవారు. మేడమ్ తల ఊపేది. నేనూ కుడి కన్నునే కాబోలు అనుకుని గర్వంగా ఉండేదాన్ని.

అలాంటి రోజుల్లో నూకరత్నం వచ్చింది. ఏటికొప్పాక పిల్ల. వాళ్ల నాన్న లేత్ మీద బొంగరాలు చేస్తాడు. పని నేర్చుకోవడంలో ఆమెకి ఎదురులేదు. కంట్లో చుక్కలు వేస్తే చంటిపిల్లలు కూడా ఏడ్చేవారు కాదు. కానీ మౌఖిక పరీక్ష అనేసరికి నోరు పడిపోయేది. నన్ను దృఢస్తరం, లోపలి ఎర్రపొరని రక్తపటలం అనే పుస్తకం మాటల కోసం తడుముకుని, మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కోర్సు వదిలి ఇంటికి వెళ్లాల్సిందే, అది అక్కడి నియమం. పరీక్షకి ముందు వారమంతా ఆమె బీరువా ముందు కూర్చుని నాతో గొణుక్కునేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

పరీక్ష పెట్టడానికి కాకినాడ నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. తెల్లమీసాలు, అదిలించే గొంతు. నూకరత్నం కంటే ముందు వెళ్లిన పదకొండుమందీ "కుడి కన్నండీ" అని చెప్పి బయటపడ్డారు. ఆయన మొహంలో ఏ భావమూ లేదు. ఆమె వంతు రాగానే నన్ను చేతికిచ్చాడు.

"ఇది ఏ వైపు కన్నమ్మా?"

ఆమె నన్ను తిప్పింది. వెనక్కి తిప్పింది. వేలు బెజ్జం చుట్టూ పోనిచ్చింది. పక్కనే కూర్చున్న వసుంధరా మేడమ్ కుర్చీ అంచుకి జరిగింది. కుడి అనవే తల్లీ, అని నేను లోలోపల మొత్తుకున్నాను.

"ఏ వైపు కన్నూ గాదండి," అంది నూకరత్నం.

పెద్దాయన కలం పక్కన పెట్టి, "ఎందుకని?" అన్నాడు.

"నరం బయటికెల్లే బెజ్జం ముక్కు వైపుకి జరిగుండాలండి. ఇది నడిమద్దెనుంది. లేత్ మీద తిరిగే కర్రకి బెజ్జమెడితే నడిమద్దెనే పడతాదండి, పక్కకి ఎలగా పడతాది? సేసినోడి తప్పు గాదు, మేడమ్ గారి తప్పూ గాదు. మా ఊరోళ్ల సేతికి అలవాటది."

తొమ్మిదేళ్లు తప్పుడు బొమ్మగా బతికానన్నమాట. తప్పుడు బొమ్మల్ని ఏం చేస్తారో నాకు తెలుసు, బీరువా కింద ఓ విరిగిన దవడ బొమ్మ పడి ఉండేది.

పెద్దాయన మీసం కింద ఏదో కదిలింది. "సరే. కంటి ముందున్న అద్దంలాంటి పొరలోనూ ఇవే పోగులు కదా. అది స్వచ్ఛంగా ఉంది, ఇది తెల్లగా ఎందుకుంది?"

"పోగులు అయ్యేనండి. ముందేమో వరసల్లో పేర్సినట్టుంటాయి, ఎలుగు దూరిపోతాది. ఇక్కడ అడ్డదిడ్డంగా అల్లుకుపోయుంటాయండి, ఎలుగు సెదిరిపోయి తెల్లగా అవుపడతాది. అల్లికే దీని బలం."

పుస్తకం మాట ఒక్కటీ లేదు. అయినా ఆయన ఇంకో ఆరు ప్రశ్నలు అడిగాడు, ఆమె ఆరింటికీ ఆగకుండా చెప్పింది. పసిపిల్లల కళ్లలో తెలుపు నీలంగా ఎందుకుంటుందో కూడా చెప్పింది. పొర పలచగా ఉండి లోపలి నలుపు తొంగిచూస్తుందట. నా గురించి అంతసేపు ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. భయం మరిచిపోయి, ఉబ్బిపోయాను.

ఫలితాలు వచ్చిన రోజు మేడమ్ నూకరత్నాన్ని పిలిచింది. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది, కళ్లు నేలమీదే. మేడమ్ ఫలితం సంగతి ఎత్తకుండా నన్నూ, చేత్తో తిప్పి బెజ్జాలు పెట్టే ఓ చిన్న బరమానూ బల్ల మీద పెట్టింది.

"తొమ్మిదేళ్లు నేను వెనక్కి తిప్పి చూడలేదు నూకరత్నం. సిగ్గుగా ఉంది. నువ్వే బాగుచెయ్యి."

నూకరత్నం అంకుడు చెక్కతో మేకు చెక్కి పాత బెజ్జం పూడ్చింది. ఇది పైవైపు అని నా నెత్తిన ఓ గీత గీసి, బెజ్జం చోటు పక్కకి జరిపి బరమా ఆనించింది. చెయ్యి తిప్పబోయి ఆగింది.

"ఏ వైపు పెట్టమంటారు మేడమ్?"

"నన్నెందుకమ్మా అడుగుతావు? కంటి సహాయకురాలివి నువ్వు కదా," అంది మేడమ్.

ఆ మాట అర్థం కావడానికి నూకరత్నానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక నన్ను గుండెకి హత్తుకుని ఏడ్చేసింది. నా లక్క మీద తడి పడింది. తర్వాత ముక్కు తుడుచుకుని, నవ్వుకుంటూ బరమా గట్టిగా తిప్పింది. తెల్లటి పొట్టు రాలింది.

అలా పుట్టిన తొమ్మిదేళ్లకి నాకూ ఓ ముక్కు వైపు ఏర్పడింది. నేను ఎడమ కన్నుని.