డబ్బా పలికే తీరు

టంగ్.

మూత మీద ఉక్కు చెంచా పడింది. డబ్బా పలికింది.

టంగ్... టంగ్...

ఛత్రినాక గోదాములో, రేకుల మీద ఆషాఢపు ముసురు సన్నగా పడుతుంటే, నాగమణమ్మ కళ్లు మూసుకుని సాల్మన్ చేప డబ్బాలను ఒక్కొక్కటిగా తడుతోంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. అంతకుముందు బోనాలకు కుండలు అమ్మేది. వేలి కణుపుతో కొట్టి ఏ కుండకు పగులుందో ఇట్టే చెప్పేసేది. ఆ చెవిని చూసే పెద్దసేటు సోమయ్య ఆమెను ఇక్కడికి పిలుచుకొచ్చాడు.

ఆ చేపను ఆమె ఎన్నడూ తినలేదు. కథ మాత్రం తెలుసు — సోమయ్య చెప్పాడు.

ఎక్కడో చలిదేశపు నదిలో పుడుతుందట. సముద్రానికి పోతుందట. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, గుడ్లు పెట్టే వేళకు పుట్టిన నదికే ఎదురీదుతూ వస్తుందట...

ఎదురీదుతూ.

ఏం చేప తల్లీ అది!

వెనకటికి నది సముద్రంలో కలిసే మొగదల వలలు కాచుకుని ఉండేవి. ఒడ్డునే కార్ఖానాలు. చేప వచ్చేది ఏడాదిలో కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లోనే ఏడాది బతుకు వెళ్లాలి. సముద్రాలు దాటి వచ్చిన కూలీలు నెత్తుటి నీళ్లలో నిలబడి చేపలు కోసేవారు, తగరం కరిగించి డబ్బాలు అతికేవారు. ఆ డబ్బాలు ఓడలెక్కి ఎక్కడెక్కడి మిల్లు కూలీల పళ్లేలకో చేరేవి, మాంసం కన్నా చవకగా. తర్వాత కోసే యంత్రం వచ్చి బోలెడుమంది పనిని ఒక్కటే లాక్కుంది. పట్టగా పట్టగా కొన్ని నదులు ఖాళీ అయ్యాయి.

ఆ కార్ఖానాల్లోనూ ఒకడు ఉండేవాడట. చిన్న ఇనుప కడ్డీతో డబ్బాలు తట్టి వినేవాడట.

ఆ సంగతి విన్ననాడు నాగమణమ్మకు ఒళ్లు పులకరించింది. తనలాంటివాడే... సముద్రానికి అవతల.

టంగ్... టంగ్...

డబ్.

చెంచా ఆగింది.

"ఇది పక్కకు పెట్టు చిన్నసేటూ. దీన్ల గాలి చొచ్చింది."

సోమయ్య కొడుకు నిఖిలేష్ డబ్బాను తిప్పి చూశాడు. సొట్ట లేదు, తుప్పు లేదు. సరుకేమో మధ్యాహ్నానికల్లా సంతోష్‌నగర్ హోటల్‌కు చేరాలి. చిన్నసేటుకు అన్నిటికీ తొందరే.

"బయట గింత డప్పుల లొల్లి. నీకేం వినొచ్చింది పెద్దమ్మా? కంపెనీల మిషన్లే చూసి పంపుతయ్. ఇగ ఈ తట్టుడు బంద్ చేద్దాం."

నాగమణమ్మ చెంచాను గుప్పిట్లో బిగించింది. కుండలు ఎప్పుడో పోయాయి. ఈ చెంచా కూడా పోతే తను ఇక ఎందుకు పనికొస్తుంది?

"డప్పులు దాటనీ. మల్ల కొడ్త."

బోనం ఊరేగింపు మలుపు తిరిగింది. చప్పుడు సద్దుమణిగింది. ఆమె మళ్లీ తట్టింది.

డబ్.

"పొడిచి చూడు బిడ్డా. మంచిగుంటే రేపటి సంది నేను రాను."

మంచి డబ్బాలో గాలి ఉండదు, మేకుతో పొడిస్తే గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ష్... అంటుంది.

నిఖిలేష్ మేకు దించాడు.

ఏ చప్పుడూ లేదు.

వెనకే కుళ్లు వాసన గుప్పుమంది. అతను ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఈ డబ్బాను హోటల్ వంటింటికి పంపబోయాడు తను. తిరిగి వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు, చేయి చాచాడు.

"చెంచా ఇయ్యి పెద్దమ్మా. నాక్కూడ నేర్పు."

నాగమణమ్మ చెంచాను అతని చేతిలో పెట్టింది. నిన్న పక్కకు తీసిన డబ్బా ఒకటి, ఇవాళ్టి మంచిది ఒకటి ముందు పెట్టింది. అతను రెండూ తట్టాడు.

"రెండు ఒక్క తీరుగనే ఉన్నయ్."

ఏది ఏదో ఆమె చెప్పలేదు.

"కండ్లు మూస్కో," అంది.

రేకుల మీద ముసురు. దూరంగా, ఇంకా దూరంగా డప్పు... నిఖిలేష్ కళ్లు మూసుకున్నాడు. తొందర లేకుండా చెంచా ఎత్తాడు.

మూత మీద ఉక్కు చెంచా పడింది.

డబ్బా ఏదో పలికింది...