ఎడమ మూలన సుద్దరాత

నేను ఒక ఫోటోని. చింపిన పంచె అంచులా సన్నగా, పొడుగ్గా ఉన్నానని నవ్వకండి. పుట్టినప్పుడు నిండుగానే ఉన్నాను. నన్నిలా కోసినవాడి మీద కక్ష తీర్చుకున్న వైనం చెబుతాను.

నేను పుట్టింది నిజామాబాదు దగ్గర ఒక పసుపు మిల్లులో. అక్కడ కొమ్ములకు మెరుగుపెట్టే పెద్ద డ్రమ్ము ఉంది. అది తిరిగినన్నాళ్లూ చుట్టుపక్కల కాకులు కూడా పచ్చగానే ఉండేవి. ఓసారి మూడు రోజులు మొరాయించేసరికి అవి మళ్లీ నల్లబడ్డాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

ఫిట్టరు పోశెట్టి డ్రమ్ము కడుపులోకి దూరి, బేరింగు మార్చి, నలుగు పెట్టిన పెళ్లికొడుకులా బయటికొచ్చాడు. యంత్రం బాగుచేసినవాడు దాని మీద సుద్దముక్కతో తన పేరూ తేదీ రాయడం ఆ మిల్లు ఆచారం. పోశెట్టి వంకర అక్షరాలతో రాశాడు. అప్పుడొచ్చాడు మేనేజరు రఘోత్తం సారు, ఇస్త్రీ నలగని చొక్కాతో. పోశెట్టి చేతిలోని పానా తీసుకుని, డ్రమ్ము ముందు అతని పక్కనే నిలబడి ఫోటో తీయించుకున్నాడు. అదే నేను.

"సారూ, ఆ ఫోటో నాకు సుత పంపుండ్రి. నా బిడ్డకు చూపెట్టుకుంట" అని అడిగాడు పోశెట్టి. పంపుతాలే అన్నాడు సారు. పంపలేదు.

నెల తిరక్కుండా సారుకు పెద్ద కంపెనీ ఉద్యోగం మీద కన్ను పడింది. ఉద్యోగాలిచ్చేవాళ్లు చూసే సైటులో తన పేజీ నెత్తిన పరవడానికి పొడుగాటి బొమ్మ కావాలన్నాడు. సముద్రం పెడితే చేపలమ్మేటోని లెక్కున్నదని భార్య తీసిపారేసింది. కొండలు పెడితే తీర్థానికి పోతున్నవా అంది. చివరికి నేను దొరికాను. పైనా కిందా చెక్కి, కుడిపక్కనున్న పోశెట్టిని మొత్తంగా నరికేశాడు. "ఆగిన యంత్రాన్ని నా చేతులతో తిప్పాను" అని కింద రాసుకున్నాడు. కోత కంటే ఆ మాటే నాకు ఎక్కువ మండింది.

ఫోనులో చూసుకుని మురిసిపోయాడు. అక్కడ ఆ పేజీలో పెట్టుకున్న ఆయన గుండ్రటి మొహం బొమ్మ నా ఎడమ మూలను కప్పేసింది. ఆ మూలనే సుద్దరాత ఉంది. నేను కిక్కురుమనలేదు.

ఇంటర్వ్యూ చేసిన సునంద మేడం ఆర్మూరు పసుపు రైతు కూతురు. ఆమె బల్ల మీద తలుపంత తెర. దాని మీద నేను ఒళ్లు విరుచుకున్నాను. సారు మొహం బొత్తామంతై పక్కకు తప్పుకుంది.

"పోశెట్టి ఎవరండీ?" అందామె.

సారు చొక్కా కాలరు సవరించుకున్నాడు. "మా హెల్పరు మేడం."

"మా నాయనతోని మిల్లుకు పోయేదాన్ని. బాగుచేసినోళ్లే పేరు రాస్తరు. ఆయన నంబరుందా?"

ఫోను తీయకుండానే పది అంకెలూ గడగడా అప్పజెప్పాడు సారు. యంత్రం ఆగినప్పుడల్లా కొట్టే నంబరాయె. ఆ నోటితోనే దొరికిపోయాడు.

సాయంత్రానికి నన్ను పీకేసి మంచుకొండలు పెట్టుకున్నాడు. ఇప్పుడు నేను ఆయన ఫోనులోని చెత్తబుట్టలో ఉన్నాను. ముప్పై రోజులకు తుడిచేస్తారట. ఇవాళ ఇరవై తొమ్మిదోది.

ఈ పొద్దున డ్రమ్ము మళ్లీ ఆగింది. అలవాటు కొద్దీ సారు అదే నంబరు కొట్టాడు.

"నేనిప్పుడు సునంద మేడం కంపెనీల ఫోర్‌మన్ను సారూ" అన్నాడు పోశెట్టి నింపాదిగా. "మీ చేతులతోనే తిప్పిండ్రట గద. మల్ల తిప్పుండ్రి."

సారు చొక్కా విప్పి మేకుకు తగిలించి, డ్రమ్ములోకి దూరాడు. ఆ చొక్కా జేబులోని ఫోనులోంచి వింటున్నాను. పానా జారి పడిన చప్పుడు, దగ్గు, మళ్లీ పానా. ఫోటో తీయడానికి ఎవరూ రాలేదు.