జిల్లాలో తొలి తగ్గింపు

లోకేశ్వరి బల్ల మీది ఫైలును చంకలో పెట్టుకుని మునిరామయ్య వరండాలోకి నడిచాడు. ఆ ఫైలు చేరవలసింది ధనశేఖర్ బల్లకు. ఆ రెండు బల్లల మధ్య ఎడం మూరెడు కూడా ఉండదు. ఆమె చెయ్యి చాపితే అతని పెన్ను అందుతుంది, మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారియర్‌లోది పంచుకు తింటారు. అయినా సరే, ఫైలు చేతి నుంచి చేతికి మారకూడదు. వరండా చివరి తపాలా గదికి పోవాలి. అక్కడ జ్ఞానాంబ ‘పోయింది’ అని ఒక పుస్తకంలో రాసి ఒక ముద్ర, ‘వచ్చింది’ అని ఇంకో పుస్తకంలో రాసి ఇంకో ముద్ర వేయాలి. అప్పుడు మునిరామయ్య దాన్ని తిరిగి అదే గదికి మోసుకొచ్చి ధనశేఖర్ ముందు పెట్టాలి. జ్ఞానాంబ సెలవు పెడితే ఫైలుకూ సెలవే.

చిత్తూరులోని ఆ భూమి పేర్ల సవరణ కార్యాలయంలో ముప్పై ఏళ్ళుగా మునిరామయ్య చేసిన ఉద్యోగం ఇదే. బక్కపలచటి మనిషి. ఫైళ్ళు ఇరికించుకుని ఇరికించుకుని ఎడమ భుజం పైకి లేచిపోయింది. కుడి బొటనవేలు ముద్రల సిరాతో ఎప్పుడో ఊదా రంగుకు తిరిగింది, చింతపండు పెట్టి తోమినా పోదు. నడిచేటప్పుడు కాళ్ళకేసి చూడడు. ఎక్కడ బండ లేచి ఉందో, ఎక్కడ వాన నీళ్ళు నిలుస్తాయో పాదాలకే తెలుసు.

కానీ ఈ రోజు ఆ పాదాలు నేల మీద నిలవడం లేదు! తెల్లవారుజామునే లేచి, గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని, ఐరాల నుంచి మొదటి బస్సుకే వచ్చేశాడు. కండక్టరుకు చెప్పాడు, పక్క సీటాయనకు చెప్పాడు, బస్టాండులో టీ పోసేవాడికి కూడా చెప్పాడు. ఈ రోజు తన ఉద్యోగం పోతోందని ఇంత సంబరంగా చెప్పుకునే మనిషిని వాళ్ళెప్పుడూ చూసి ఉండరు.

సంగతేమిటంటే, మిత పాలన పార్టీ గెలిచింది. ‘సర్కారు తగ్గాల, సౌకర్యం పెరగాల’ అని ఊరూరా చెప్పి గెలిచింది. వాళ్ళకు ముందున్న పార్టీ కూడా ఈ మాటే చెప్పింది. పాపం, ఖర్చు ఎలా తగ్గించాలో సలహా చెప్పేవాళ్ళ కోసం రెండు గదులు కట్టించి మరీ దిగిపోయింది. వీళ్ళు అట్లాంటివాళ్ళు కాదని మునిరామయ్య నమ్మకం. ఎందుకు నమ్మాడంటే, సిబ్బందినే సలహాలు అడిగారు కనుక. ముప్పై ఏళ్ళలో ఆయన్ని సలహా అడిగినవాళ్ళు లేరు. కూర్చుని ఒక పేజీ రాశాడు. తపాలా గది మూసేయండి, ఫైలు బల్ల నుంచి బల్లకు నేరుగా పోనీయండి, ఏడాది పట్టే పని వారంలో అవుతుంది అని రాశాడు. అప్పుడు నా ఉద్యోగం అక్కరలేదు కాబట్టి ఇంకా మూడేళ్ళున్నా నేనే ముందుగా పదవీ విరమణ తీసుకుంటానని కింద సంతకం పెట్టాడు. జిల్లా మొత్తం మీద అలా రాసినవాడు ఆయన ఒక్కడే. ‘ఇల్లలికితే పండగ అయిపోతాదా’ అని భార్య పంకజాక్షి అననే అంది. ఆయన వినిపించుకోలేదు.

ఒప్పుకున్నామని ఉత్తర్వు వచ్చింది. ఈ సాయంత్రమే ఉద్యోగం నుంచి విడుదల. మార్పును ప్రారంభించడానికి పార్టీ జిల్లా నాయకుడు సునీల్‌కుమార్ స్వయంగా వస్తున్నాడు.

వరండాలో సిద్ధమ్మ కూర్చుని ఉంది. ఐరాల పక్క పల్లె. భర్త పోయాక రెండెకరాల పొలం తన పేరుకు మార్చమని పదకొండు నెలలుగా తిరుగుతోంది. మోకాళ్ళ నొప్పులు, అందుకని గోడ పట్టుకునే లేస్తుంది. ఇక ధనశేఖర్ సంతకం ఒక్కటే మిగిలింది. ఈ రోజుతో నీ తిరుగుడు అయిపోయినట్టేనని మునిరామయ్య ఆమెకు నిన్ననే మాటిచ్చాడు. కబురు పెట్టి రప్పించింది కూడా ఆయనే.

పదకొండింటికి కార్లు వచ్చాయి. ఒకటి కాదు, ఏడు. వెనకాలే ఒక లారీ. టపాకాయలు పేలాయి. తపాలా గది తలుపుకు కట్టిన రిబ్బను మునిరామయ్య కంటపడింది. మూసేస్తున్నారు, నిజంగానే మూసేస్తున్నారు! జనంలోంచి ముందుకు తోసుకుపోయాడు.

సునీల్‌కుమార్ రిబ్బను కత్తిరించాడు. తలుపు పైన గుడ్డ తొలగించారు. దాని కింద కొత్త బోర్డు. ‘ప్రభుత్వ తగ్గింపు మిషన్, జిల్లా విభాగం.’ చైర్మన్ సునీల్‌కుమార్, ఒక వైస్ చైర్మన్, ఎనిమిదిమంది సభ్యులు. లారీలోంచి ప్లాస్టిక్ కవరు తీయని కుర్చీలు దిగుతున్నాయి. జ్ఞానాంబ ఎక్కడికీ పోలేదు. ఆమె పుస్తకాలు రెండూ కాస్త పక్కకు జరిగాయి. ఇకమీదట ప్రతి ఫైలూ జ్ఞానాంబ దగ్గర ముద్ర వేయించుకుని మిషన్‌కు పోతుందట. ఏ మెట్టు తగ్గించవచ్చో సభ్యులు పరిశీలిస్తారట. మళ్ళీ జ్ఞానాంబ దగ్గరకు వచ్చి, ఆ తర్వాత ధనశేఖర్‌కు చేరుతుందట. సభ్యుల్లో అయిదుగురి పేర్లు ఇంకా ఖరారు కాలేదు. అవి అయ్యేదాకా ఫైళ్ళు ఆగాలి.

ఆ తర్వాత మునిరామయ్యను పిలిచి శాలువా కప్పారు. జిల్లాలో తొలి తగ్గింపు ఈయనేనని సునీల్‌కుమార్ చెయ్యెత్తి చూపించాడు. చప్పట్లు మోగాయి. ఎవరో ఫోటో తీశారు. ఇష్టం లేకపోయినా ఫోటోకు మొహం నవ్వు పెట్టేసింది, అదేం అలవాటో ఏమో. చప్పట్లు ఆగాక ఆయన సునీల్‌కుమార్ చెవి దగ్గరకు వంగాడు.

“అయ్యా, గది మూయమని గదా నేను రాసింది. గదిలోకి ఇంకా పదిమంది వస్తా ఉండారే?”

సునీల్‌కుమార్ కోప్పడలేదు. భుజం తట్టి, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

“తగ్గించేదానికి మనుషులు కావల్ల గదప్పా.”

మరి ఫైళ్ళు ఎవరు మోస్తారని అడిగితే, ఏజెన్సీ ద్వారా ఇద్దరిని తీసుకుంటున్నామన్నాడు. ఒకడు పోతే ఇద్దరు! మునిరామయ్య తన మూడేళ్ళు తలచుకున్నాడు. తన చేత్తో తను రాసిచ్చిన మూడేళ్ళు. సిగ్గేసింది, ఒళ్ళు మండింది. వాళ్ళ మీద ఎంతో తన మీద అంతకు రెండింతలు.

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నాలుగున్నరకు సిద్ధమ్మ సంచి సర్దుకుని, గోడ పట్టుకుని లేవబోయింది. ‘ఉండక్కా’ అన్నాడు.

లోపలికి పోయాడు. సిద్ధమ్మ ఫైలు లోకేశ్వరి బల్ల ఇవతలి అంచునే ఉంది. తీసుకున్నాడు. కాళ్ళు అలవాటు చొప్పున తలుపు వైపు తిరిగాయి. బలవంతాన వాటిని ఆపాడు. ముప్పై ఏళ్ళలో చేయని పని, రెండు బల్లల మధ్య నిలబడి చెయ్యి చాపి, ఆ ఫైలును ధనశేఖర్ ముందు పెట్టేశాడు. లోకేశ్వరి పెన్ను వదిలేసి చూస్తూ ఉండిపోయింది.

ధనశేఖర్ ఫైలు తిప్పి చూశాడు.

“ముద్రలు యాడ, మునిరామయ్యా?”

“మూరెడు దూరానికి ముద్ర ఏంది సార్. నేను తగ్గినాను గదా, అదీ తగ్గనీ.”

వరండాలో కుర్చీల కవర్లు చింపుతున్న చప్పుడు. ధనశేఖర్ తలుపు వైపు ఒకసారి, మునిరామయ్య వైపు ఒకసారి చూశాడు. తర్వాత కాగితాలన్నీ శ్రద్ధగా చదివాడు. అందులో తప్పేమీ లేదు. సంతకం పెట్టాడు. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది.

మునిరామయ్య సంతకమైన ఆ కాగితం పట్టుకుని దాదాపు పరిగెత్తాడు. సిద్ధమ్మకు చదువు రాదు, తన పేరెక్కడుందో చూపించమంది. ఆయన ఊదా వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ చోట తడిమి, కాగితాన్ని జాగ్రత్తగా రవికలో దాచుకుంది. మునిరామయ్యకు గుండె నిండిపోయింది, గట్టిగా కేకేసి అందరికీ చెప్పాలనిపించింది. పది నిమిషాలు! తను రాసింది తప్పు కాదు. పేజీలో ప్రతి అక్షరం నిజమే!

విడుదల కాగితంలో సంతకం పెట్టి, బీరువా తాళం లోకేశ్వరికి ఇచ్చాడు. ‘వస్తా తల్లీ’ అన్నాడు. ఆమె తలూపింది. మిషన్ వాళ్ళు ఏ కుర్చీ ఎక్కడ వేయాలా అని వాదించుకుంటున్నారు. వాళ్ళ మధ్యనుంచే మునిరామయ్య, సిద్ధమ్మ మెల్లగా మెట్లు దిగి ఐరాల బస్సుకు పోయారు. ఎవరూ గమనించలేదు.

కార్యాలయం మూసే వేళకు లోకేశ్వరి ఇంకో ఫైలు ముగించింది. ధనశేఖర్ వైపు చాపింది. అతనూ చెయ్యి చాపాడు. ఇద్దరి చేతులూ గాలిలో ఆగాయి. వరండాలో ఎవరో నవ్వుతున్నారు. లోకేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, తలుపు దాటి పోయింది. గోడవార మునిరామయ్య కూర్చునే చెక్క స్టూలు ఖాళీగా ఉంది. ఫైలు దాని మీద పెట్టి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

మరునాడు పదింటికి తలుపులు తెరిచినప్పుడు కూడా ఆ స్టూలు అక్కడే ఉంది, దాని మీద ఫైలూ అట్లానే ఉంది.