కార్యరంగం: ఖాళీ

ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే. రేపెవరైనా తన కూతుర్ని "మీ అమ్మ ఏం చేస్తుందే?" అని అడిగితే, ఆ పిల్ల "ఏమీ చెయ్యదు, ఖాళీ" అంటుందేమోనని.

పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే భయమే, మెట్ల మీద పరిగెడితే భయమే, కాసేపు చప్పుడు లేకపోతే మరీ భయం. కానీ వాటన్నిటికీ ఏదో ఒక మందుంది. ఈ మాటకు లేదు. పిల్లను బడిలో వేసిన రోజు, దరఖాస్తులో తల్లి పని అన్నచోట గుమాస్తా కలం ఆపితే, భర్త మామూలుగా "ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ" అనేశాడు. చెడ్డవాడేం కాదు. ఆ పొద్దున ఆమె పిల్లకు స్నానం చేయించి, జడలేసి, డబ్బా సర్ది, ఊడిపోయిన గుండీ కుట్టడం పక్కనే నిలబడి చూశాడు కూడా. చూసే అన్నాడు.

ఆ నెలలోనే గ్రంథాలయంలో టైపు పనికి చేరింది. మూడు నెలల ఒప్పందం, నచ్చితే పొడిగిస్తారు. చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయినా వేళ్ళు మాత్రం ఆగలేదు. పని ఏమిటంటే, పుస్తకం రాసిన ప్రతి మనిషికీ ఒక రికార్డు. పేరు, పుట్టిన సంవత్సరం, పక్కన చిన్న గీత, పోయినవాళ్ళయితే పోయిన సంవత్సరం. కింద 'కార్యరంగం', అంటే ఆ మనిషి ఏ విషయంలో కృషి చేశారన్నది. ఒకే పేరున్న ఇద్దరు కలగాపులగం కాకుండా ఇదంతా. పెద్దాయన చీటీ మీద రాసిస్తాడు, ఆమె కంప్యూటర్లో కొడుతుంది.

ఆ పెద్దాయన్ని వెనకాల అందరూ కామాగారంటారు. కామా తప్పితే కాగితం వెనక్కొస్తుంది మరి.

ఒక సోమవారం కామాగారు కేకేశాడు. "అమ్మాయ్, ఇటు రా. ఏమిటిది?"

తెర మీద ఒకావిడ పేరు. కింద, కార్యరంగం: ఖాళీ.

"మీరు రాసిందేనండీ."

"నేను రాసింది ఆ గడి ఖాళీగా వదిలెయ్యమని తల్లీ! ఖాళీ అని కొట్టమని కాదు!"

మూల బల్ల దగ్గర చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టే అట్టల బాబాయి జిగురు బ్రష్షు పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వెతికితే అలాంటివి నలభై ఒకటి తేలాయి. నలభై ఒక్కరూ ఆడవాళ్ళే. పుస్తకం వెనక 'గృహిణి' అని ఉన్న ప్రతి మనిషికీ కామాగారు ఖాళీ అని రాసిచ్చాడు.

"శుక్రవారం సాయంత్రం ఇవి అన్ని గ్రంథాలయాలకూ వెళ్ళిపోతాయి. ఈలోగా తుడిచెయ్."

"తుడిచి ఏం పెట్టమంటారు?"

"ఏమీ పెట్టకు. ఖాళీగా ఉంచు."

"అంటే, ఖాళీ తీసేసి ఖాళీ పెట్టాలన్నమాట."

అట్టల బాబాయి మళ్ళీ బ్రష్షు కింద పెట్టాడు.

తప్పు తనదే. నోరు మూసుకుని తుడిస్తే గంట పని. కానీ నోరు వినలేదు.

"తుడవనండీ."

"ఏమన్నావ్?"

"ఏమీ చెయ్యకుండానే పుస్తకాలు రాశారా వీళ్ళు? చూసి నింపుతాను."

"గృహిణులమ్మా వాళ్ళు. ఉద్యోగాల్లేవు."

ఆమె బీరువా మీద నుంచి లావుపాటి నిబంధనల పుస్తకం దించి, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ చదివింది. "వృత్తికి వేరే గడి ఉందండీ. ఇది రంగం. 'వ్యక్తి కృషి చేసిన, లేదా ప్రావీణ్యం గల రంగం' అని రాశారు. ఇందులో జీతం మాట ఎక్కడుందో చూపించండి."

కామాగారు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పేజీ తిప్పి వెనక కూడా చూశాడు. జీతం మాట అక్కడా లేదు.

"సరే. కానీ ప్రతిదానికీ ఆధారం రాయాలి. ఊహలు ఒప్పుకోను. శుక్రవారానికి అవ్వకపోతే నీ ఒప్పందం గురించి నా దగ్గరికి రాకు."

ఆ నాలుగు రోజులూ ఆమె అటకలూ అడుగు అరలూ వదల్లేదు. ముందుమాటలు చదివింది, అట్టల వెనక సన్నక్షరాలు చదివింది. ఒకావిడ డాబా మీద ముప్పై ఏళ్ళు కూరగాయలు పండించి రాసింది. ఇంకొకావిడ పిల్లలకు లెక్కల పొడుపుకథలు రెండువందలు కట్టింది. అట్టల బాబాయి మరమ్మతుకొచ్చిన కట్టల్లోంచి ఒక్కోటి లాగి, "ఇదిగోనే, ఇంకో ఖాళీ మనిషి. మూడు భాషల్లోంచి తర్జుమా చేసి పడేసింది!" అని బల్ల మీద పెట్టేవాడు.

గురువారానికి నలభై నిండాయి. నలభై ఒకటోది పసిపిల్లల ఏడుపు మీద చిన్న పుస్తకం. ముందుమాట లేదు, వెనక 'గృహిణి', కింద చిరునామా, అంతే. ఆ పుస్తకం ఆమెకు కొత్త కాదు. మూడేళ్ళ క్రితం బుజ్జిది రొమ్ము పట్టక నీలుక్కుపోయి ఏడుస్తుంటే, ఈ ప్రతినే ఇంటికి తీసుకెళ్ళింది. పందొమ్మిదో పేజీలో మూల మడత ఇంకా అలాగే ఉంది. ఆ మడత తనదే.

భోజనం వేళ డబ్బా విప్పకుండా పరిగెత్తింది. గ్రంథాలయం వెనక రెండో వీధి, మందుల దుకాణం పై వాటా, ఆకుపచ్చ తలుపు.

"ఎవరూ? గట్టిగా చెప్పమ్మా. నా ఎడమ చెవి సెలవు పెట్టింది," అంది పెద్దావిడ.

వచ్చిన పని చెప్పి, "మీరేం చేసేవారండీ?" అని అడిగింది.

"ఏం చేస్తాను, ఇంట్లోనే."

"అలా కాదమ్మగారూ. దేంట్లో మీ అంతటివాళ్ళు లేరు?"

"ఏడుపులో," అంది పెద్దావిడ. "నవ్వకు. గోడవతల బిడ్డ ఏడిస్తే ఆకలో, కడుపునొప్పో, తల్లి కంగారు అంటుకుందో చెప్పేదాన్ని. ఈ వీధిలో పిల్లలందరూ ఈ చెవిలోంచి పోయినవాళ్ళే. అందుకే అరిగిపోయింది."

మంచం కింద నుంచి ఏడు నోటు పుస్తకాలు తీసింది. ఏ బిడ్డ, ఏ పూట, ఏ ఏడుపు, ఏం చేస్తే ఆగింది, అన్నీ రాసి ఉన్నాయి.

"మీ పందొమ్మిదో పేజీ చూసే మా పిల్లకు పాలు పట్టానండీ," అంది ఆమె.

"అయితే ఆ దొంగపిల్లను ఆదివారం తీసుకురా. చూస్తాను."

శుక్రవారం కామాగారు చివరి రికార్డు దగ్గర ఆగాడు. "ఆధారం?"

"రచయిత్రితో స్వయంగా మాట్లాడాను. నిన్న, పన్నెండు నలభైకి. అలా రాయొచ్చని నిబంధనల్లోనే ఉంది. పేజీ చెప్పమంటారా?"

"పేజీ నాకు తెలుసులే. ఇదేమిటి, 'శిశు సంరక్షణ పసిపిల్లల ఏడుపు'? రికార్డులో ఏడుపేమిటమ్మా?"

"ఆవిడ రంగం అదేనండీ. అది తుడిస్తే నా పేరు కూడా తుడిచెయ్యండి."

కామాగారు కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. ఆయన రెండు మాటల మధ్య ఒక కామా పెట్టి, మీట నొక్కి పంపించేశాడు.

ఒప్పందం పొడిగించే కాగితం ఇంకా రాలేదు. ఆమె అడగలేదు. బడికి మాత్రం వెళ్ళి, ఆ గుమాస్తా చేత, అప్పుడు రాసుకున్న 'ఖాళీ' కొట్టేయించి, 'గ్రంథాలయ రికార్డులు' అని రాయించింది. "ఒప్పందం అయిపోతేనో?" అన్నాడతను. "అప్పుడొచ్చి ఇంకోటి రాయిస్తాను. ఖాళీ మాత్రం రాయనివ్వను," అంది.

ఆదివారం బుజ్జిదాన్ని చంకనేసుకుని పై వాటాకు వెళ్ళింది. తలుపు తెరుచుకోలేదు. వినబడే కుడి చెవి దిండుకు ఆనించి పడుకుందేమోలే అని సర్దిచెప్పుకుని వచ్చేసింది. సోమవారం నుంచి పిల్లకు దగ్గు, తనకూ అంటుకుంది. ఈ దగ్గుతో అంత పెద్ద మనిషి దగ్గరకు వెళ్ళకూడదు. రోజూ పనిలోకి రాగానే ఆవిడ రికార్డే తెరిచి చూస్తోంది. పుట్టిన సంవత్సరం, పక్కన గీత, గీత పక్కన ఖాళీ. ఆ ఒక్క ఖాళీ మాత్రం అలాగే ఉండాలి.

మీరెవరైనా అటు వెళ్తుంటే, మందుల దుకాణం పక్క మెట్లెక్కి ఆ ఆకుపచ్చ తలుపు ఒకసారి తట్టండి. గట్టిగా తట్టండి. ఆవిడ ఎలా ఉందో చూసి చెప్పండి.