బుచ్చవ్వ గల్లీ

నవాగామ్‌లో రేకుల షెడ్ల వెనకనున్న ఆ సందుకు మొదట పేరే లేదు. సాంచెల మీద బట్ట నేసే తెలంగాణ వాళ్లు "మన సందు" అనేవారు. గుజరాతీలు తెలుగువాళ్ల గల్లీ అనేవారు గానీ, అలాంటి గల్లీలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో సోమలింగం భార్య బుచ్చవ్వకు ఊపిరాడలేదు. పిలిచిన అంబులెన్సు దారి దొరక్క పక్క సందుల్లోనే తిరిగింది. దాని కూత వింటూనే ఆమె కన్నుమూసింది.

మూడోనాడు డాబా మీద పిట్టకు పెట్టారు. కాకి పిట్టగోడ మీద వాలింది గానీ మెతుకు ముట్టలేదు. పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందన్నమాట.

"తాతను మేం జూసుకుంటం, ముట్టవ్వా," అంది పక్కింటి పద్మారాణి.

కాకి తల తిప్పుకుంది.

"గీ ముసలోని రంది ఆమెకెప్పుడున్నది? ఇంకోటి మొక్కు," అన్నాడు ఆమె మొగుడు ఉమాకాంత్. మళ్లీ తనే చేతులు జోడించాడు. "అవ్వా, ఈ గల్లీకి నీ పేరు పెడ్తం. ఇంకెవ్వలకు గిట్ల కావద్దు."

కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది.

ఆ సాయంత్రమే ఉమాకాంత్ సందు మొదట్లో గోడ మీద తెలుగులో, గుజరాతీలో ఆ పేరు రాశాడు. అందరి నోళ్లలో నానింది, ఒక్క సోమలింగం నోట తప్ప. పెళ్లయిన నాటినుంచీ ఆయన భార్యను పేరుపెట్టి పిలవలేదు. "ఇగో" అంటే చాలు, ఆమె పలికేది. ఇప్పుడు పేరెత్తితే వెళ్లిన మనిషి వెనక్కి తిరుగుతుందని భయం. ఆటోవాళ్లు ఆ పేరు అరిచినప్పుడల్లా లోపలి గదిలో ఎవరో లేచి కూర్చున్నట్టుండేది.

కొన్నాళ్లకే ఉమాకాంత్ మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం అతని పెదవులు నల్లబడ్డాయి. పద్మారాణి అంబులెన్సుకు ఫోన్ కలిపి సోమలింగం చేతిలో పెట్టి, మొగుణ్ణి ఒళ్లోకి ఎత్తుకుంది.

"గల్లీ కా నామ్ బోలో, కాకా," అన్నాడు డ్రైవరు.

సోమలింగం షెడ్ల గుర్తు చెప్పాడు.

"షెడ్ తో బహుత్ హై! నామ్ బోలో!"

"నోరు వడిపోయిందా తాతా? చెప్పరాదే!" అని అరిచింది పద్మారాణి.

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"బుచ్చవ్వ," అన్నాడు. "బుచ్చవ్వ గల్లీ."

గోడ అవతల, ఆయన తాళం వేసి వచ్చిన ఇంట్లోంచి, "ఆఁ" అని ఆమె పలికింది.

అంబులెన్సు తిన్నగా వచ్చింది. ఉమాకాంత్‌కు గాలిగొట్టం తగిలించి, పద్మారాణితో సహా తీసుకుపోయారు. సోమలింగం తన గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి తాళం తీసి తలుపు నెట్టాడు. అది సగంలోనే ఆగింది.

"నిన్ను పొమ్మంటలేను," అన్నాడు మెల్లగా. "జర జరుగు. నన్ను లోపటికి రానియ్యి."