దులిపిన చొక్కాలు

“మా ఆవిడ పనేం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది,” అన్నాడు భర్త. ఏం పని చేస్తారని డాక్టరమ్మ అడిగింది ఆమెని. కానీ ముప్పై ఏళ్లుగా ఆమె తరఫున నోరు ఆయనదే. పనేం చెయ్యని ఆ మనిషి పొద్దున్నే ఐదుగురికి వండి, ఇంటెడు చాకిరీ ముగించుకుని, రొప్పుతూ ఆసుపత్రి మెట్లెక్కి వచ్చి కూర్చుంది.

ఈ ఆయాసం మొదలై ఆరు నెలలు. “ఒళ్లు పెరిగింది, కాస్త కదులు” అన్నాడాయన. “మా రోజుల్లో జబ్బు పడ్డానికి తీరికెక్కడిది” అంది అత్తగారు. చివరికి వంటింట్లో కూలబడితేగానీ ఎవరూ కదల్లేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. వీపులో సూది గుచ్చి తీస్తే పది రోజులకే మళ్లీ చేరింది. ఆ నీటిని పరీక్షిస్తే ఏమీ తేలలేదు. స్కాన్ తీశారు. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం చేసి, కెమెరా పెట్టి, ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొర నుంచి ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇవాళ ఆ రిపోర్టును డాక్టరమ్మ రెండుసార్లు చదివింది.

“దీన్ని మెసోథీలియోమా అంటారు. ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే క్యాన్సర్. చాలావరకు ఆస్‌బెస్టాస్ దుమ్ము వల్లే వస్తుంది. పీల్చిన ఇరవై, ముప్పై ఏళ్లకి బయటపడుతుంది. ఆ దుమ్ము మీకెక్కడ తగిలిందమ్మా?”

“ఆస్‌బెస్టాస్ రేకుల ఫ్యాక్టరీలో కోత పని చేసింది నేనండీ,” భర్త గొంతు పెంచాడు. “నేను గుండ్రాయిలా ఉన్నాను. గడప దాటని మనిషికి ఎలా వస్తుంది?”

ఎలా వచ్చిందో ఆమెకు తెలిసిపోయింది. పెళ్లైన మూడో రోజే అత్తగారు అప్పగించిన పని అది. ఆయన డ్యూటీ చొక్కాలు బూడిదలో పొర్లినట్టుండేవి. “ముందు బాగా దులుపు. లేకపోతే తడికి గట్టిపడి వదలదు” అనేది అత్తగారు. ఈమె చొక్కాని రెండు భుజాల దగ్గరా పట్టుకుని ఫెళ్లుమని విదిలించేది. మొహం నిండా పిండిలాంటి దుమ్ము. “నీకు పౌడర్ కొనే పని లేదు” అని ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండింది.

“నేనూ ఆ ఫ్యాక్టరీ పనే చేశానమ్మా,” అంది. “ముప్పై ఏళ్లు డ్యూటీ బట్టలు దులిపి ఉతికాను. అలాగే రాయండి.”

భర్త ఏదో అనబోయాడు.

“మీరాగండి.”

పెళ్లయ్యాక ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన నిజంగానే ఆగిపోయాడు.

డాక్టరమ్మ రాసుకుంది. ఆపరేషన్ చేసే దశ దాటిందని, నీరు బయటికి పోయేలా సన్నని గొట్టం అమరుస్తారని, కీమో గానీ, ఒంట్లోని రక్షణ శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు గానీ ఇస్తారని నిదానంగా చెప్పింది. నయం చెయ్యవు, కొంత కాలం ఇస్తాయి, అంది. తర్వాత కలం ఆపింది.

“ఇప్పుడా బట్టలు ఎవరు ఉతుకుతున్నారు?”

ఆయన రిటైరయ్యాడు. ఆ కోత మిషను దగ్గర ఇప్పుడు కొడుకున్నాడు. కోడలు వచ్చి నాలుగు నెలలు. తనకు ఊపిరి చాలక, పక్కన నిలబడి ఆ పిల్లకి పని నేర్పింది తనే. ఎలా పట్టుకోవాలో, ఎంత గట్టిగా విదిలించాలో.

అక్కడి నుంచే కోడలికి ఫోన్ చేసింది. “అమ్మాయ్, వాడి డ్యూటీ బట్టలు ముట్టుకోకు.”

“అయిపోయింది అత్తయ్యా,” మెప్పు కోసం ఎదురుచూసే గొంతుతో అంది కోడలు. “మీరు నేర్పినట్టే, రవ్వంత దుమ్ము లేకుండా దులిపేశాను.”