గుండుసూదుల గదిలో మూటమ్మ

టైలరమ్మ కింది గదిలో ఉండేది, తమ్ముడి కుటుంబం పై అంతస్తులో. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊరందర్నీ పైకి లేపే మనిషిని పొద్దున్నే లేపడానికి మాత్రం ఇద్దరు కావాలని ఆమె మరదలితో అంటూ ఉండేది. మరదలు కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించే పని చేస్తుంది. కాన్పు సెలవు అయిపోయి ఆమె మళ్లీ దుకాణానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు, పిల్లను ఎవరి దగ్గర ఉంచాలన్న ప్రశ్నే రాలేదు. పొద్దున ఎత్తుకుని మెట్లు దిగడం, సాయంత్రం ఎత్తుకుని మెట్లెక్కడం, అంతే.

పిల్లకు పేరు పెట్టారు, ముచ్చటైన పేరే. కానీ కూర్చోవడం వచ్చాక, కుట్టుకు వచ్చిన బట్టల మూటలా ఎక్కడ పెడితే అక్కడే కుదురుగా ఉండేది. టైలరమ్మ నోట అది మూటమ్మ అయింది. క్రమంగా పై అంతస్తులో కూడా అదే పేరు స్థిరపడింది.

టైలరమ్మకు పిల్లలు పుట్టలేదు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోయాడు. ఆ తర్వాత ఆమెకు మిగిలింది మిషను. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, గౌన్లకు జిప్పులు వెయ్యడం, లావెక్కినవాళ్లకు కుట్లు విప్పడం, చిక్కినవాళ్లకు మళ్లీ వెయ్యడం. మనుషుల కష్టసుఖాలు నడుము దగ్గరే తెలుస్తాయని ఆమె నమ్మకం. మిషను పక్కన, గుడ్డపేలికలతో తను కుట్టిన బొంత మీద ఇప్పుడు మూటమ్మ కూర్చునేది. మిషను ఆగితే తలెత్తి చూసేది. మళ్లీ మొదలైతే తన మానాన తను కాలివేలు నోట్లో పెట్టుకునేది. "ఏమే, పనాపితే ఊరుకోవా? యజమానివా నువ్వు?" అని టైలరమ్మ అడిగితే, చొల్లు కారుస్తూ నవ్వేది.

ఆ గది నేల మీద గుండుసూదులు ఉంటాయి. ఎంత ఊడ్చినా, అయస్కాంతం తిప్పినా, ఏ సందులోనో ఒకటి మిగిలే ఉంటుంది. మొదటిరోజే మరదలు చుట్టూ చూసి, "ఇప్పుడంటే సరే వదినా. పాకడం మొదలెడితే ఎలాగో ఆలోచించాలి," అంది.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే," అంది టైలరమ్మ.

ఆ అప్పుడు రానే వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె కాజాలు కుడుతూ తలతిప్పి చూస్తే, మూటమ్మ మోకాళ్ల మీద లేచి, అరచేతులు నేలకు ఆనించి, ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఎదురుగా ఎర్రటి దారపు రీలు ఉంది. దానికోసం ఒళ్లంతా బిగబట్టి ఒక్క తోపు తోసింది. ముందుకు పోవలసింది వెనక్కి జారింది. మళ్లీ తోసింది. ఇంకాస్త వెనక్కి. కావలసింది కళ్లముందే దూరమైపోతుంటే దాని పెదవి వణికి, ఏడుపు ముంచుకొచ్చింది.

టైలరమ్మకు నవ్వాగలేదు. ఎత్తుకుని రీలు చేతికిచ్చింది. "ఎందుకే అంత తొందర? నిన్నెవరు తరుముతున్నారని?" అని దాని మెడలో ముఖం దాచుకుంది. పాలూ చెమటా కలిసిన వాసన. నవ్వుతూనే ఉంది గానీ గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఈ పిల్ల ఇంకొన్నాళ్లు మూటలాగే ఉంటే బాగుండునని అనుకుంది. అనుకున్నందుకు వెంటనే చెంపలు వేసుకుంది.

సాయంత్రం మరదలు వచ్చి, "ఏం చేసింది ఇవాళ?" అని అడిగింది.

"ఏముంది, ఎప్పట్లాగే. కూర్చుంది, తింది, పడుకుంది."

ఆ మరునాడూ అదే జవాబు. ఆ పై రోజూ అదే.

ఒకరోజు దుకాణంలో కరెంటు పోయి మరదలు త్వరగా వచ్చేసింది. తలుపు చేరవేసి ఉంది. టైలరమ్మ వంటింట్లో పిల్ల కోసం అన్నం మెత్తగా మెదుపుతోంది. బొంత మీద పిల్ల లేదు. వెనక్కి జారుకుంటూ పోయి కత్తిరింపు బల్ల కింద దూరి, కాళ్లు గోడకు తన్ని, అక్కడ దొరికిన గుడ్డముక్కను గుప్పిట్లో నలుపుతోంది. మరదలు వంగి ఆ గుప్పిడి విప్పింది. గుడ్డకు గుచ్చిన గుండుసూది అలాగే ఉంది. పిల్ల చేతికి గీత కూడా పడలేదు.

గిన్నెతో వచ్చిన టైలరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎన్నాళ్లనుంచి కదులుతోంది వదినా?"

"వారం అయ్యుంటుంది."

మరదలు గుడ్డలోంచి సూది తీసి బల్ల మీద పెట్టి, పిల్లను ఎత్తుకుని మెట్లెక్కింది. తిట్టినా బాగుండేదని టైలరమ్మకు అనిపించింది. గిన్నెలో అన్నం చల్లారిపోయింది.

మర్నాడు సెలవు. పొద్దున్నే ఆమె తమ్ముణ్ని పిలిచి, మిషను డాబా మీది గదిలోకి చేర్చమంది.

"ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తా గానీ మనింటికొకటి పెట్టుకోలేకపోయానక్కా," అంటూ అతను మూలుగుతూ మోశాడు. "ఇంతకీ పైన కుడుతూ కింద పిల్లనెలా చూస్తావు?"

"కుట్టను. కొన్నాళ్లు మానేస్తా."

అతను అక్క ముఖం చూసి, బల్ల కూడా పైకి చేర్చాడు. ఆమె గదంతా కడిగి, ఆరాక నేల మీద కూర్చుని, అరచేత్తో ప్రతి పలకా తడిమింది. మూల మూలకూ వెళ్లి మళ్లీ తడిమింది.

మధ్యాహ్నం మరదలు దిగి వచ్చి, ఖాళీ గది చూసి అక్కడే చతికిలపడింది.

"ఇదంతా ఏంటి వదినా? మిషను లేకుండా మీరెలా ఉంటారు?"

"ఉంటాలే. సూదులు లేవు, చూసుకో. నీ కళ్లకంటే మంచి కళ్లెవరికున్నాయి?"

మరదలు నేల చూడలేదు. తన గోళ్లకేసి చూసుకుంటూ అంది.

"సూది ఒక్కటే కాదు. దుకాణం వెనక వీధిలో పిల్లల్ని చూసుకునే చోటుంది. నెల కిందటే వెళ్లి అడిగొచ్చా. మీకు చెప్పడానికి నోరు రాలేదు."

టైలరమ్మ అరచేత్తో పక్కనున్న పలకను మళ్లీ తడిమింది.

"నేనక్కడ పొద్దుట్నుంచీ జనం కళ్లల్లోకి చూస్తుంటా వదినా. ఈ అక్షరం చదవండి, ఆ అక్షరం చదవండి అంటుంటా. మనసంతా ఇక్కడే ఉంటుంది. పాలు చేపి బట్టలు తడిసిపోతాయి. సాయంత్రం పరుగున వస్తే, అది మీ చంక దిగనని ఏడుస్తుంది. మీరు నవ్వుతారు. నేనూ నవ్వుతా. మెట్లెక్కేటప్పుడు మాత్రం నవ్వు రాదు." ఆమె జుట్టు వెనక్కి తోసుకుంది. "అక్కడైతే మధ్యాహ్నం వెళ్లి పాలిచ్చి రావచ్చు. కాసేపు ఒళ్లో పెట్టుకోవచ్చు."

ఇన్నాళ్లూ ఆ మెట్ల మీద ఏం జరుగుతోందో టైలరమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. తన చంకలో పిల్ల బిగుసుకుపోయి తల్లి దగ్గరికి వెళ్లనన్నప్పుడు, లోలోపల తను ఎంత పొంగిపోయేదో ఆమెకు తెలుసు. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చూడాలని తోచలేదు.

"తీసుకెళ్లు," అంది. "నీ పిల్ల. నాకు చెప్పడానికి అంత భయమెందుకు? నేనేమైనా మింగుతానా?"

"మీకు బాధనిపించదా?"

"అనిపిస్తుంది. అనిపించనీ."

మిషను మళ్లీ కిందికి దిగింది. రెండుసార్లు మోసినందుకు తమ్ముడు నడుం పట్టుకుని, కూలి కింద రెండు చొక్కాలు కుట్టివ్వమన్నాడు. ఆమె కుట్టి ఇచ్చింది. పొద్దున మరదలు పిల్లతో గడప దగ్గర ఆగేది. టైలరమ్మ ఒకసారి బుగ్గ నిమిరి, "పోయిరావే మూటా," అనేది. వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి మిషను ముందు కూర్చునేది. మధ్యమధ్య ఊరికే ఆపేది. ఆగినా తలెత్తి చూసేవాళ్లు లేరు. బొంత ఉతికి మడిచింది గానీ, అలమరలో పెట్టడానికి చేతులు రాక కుర్చీ మీదే ఉంచింది.

ఒక సాయంత్రం ఆమె లాంగుకోటుకు చేతులు అతుకుతోంది. పైనుంచి ఏదో చప్పుడు. తమ్ముడి అడుగులు ఆమెకు తెలుసు, మరదలివీ తెలుసు. ఇవి అడుగులు కావు. మెత్తగా, తడబడుతూ, టప్ టప్ మని అరచేతులు నేలను కొడుతున్నట్టు. ఆమె మిషను ఆపింది. ఆ చప్పుడు కిటికీ వైపునుంచి బయలుదేరింది. కాస్త ఆగింది. మళ్లీ సాగి, ఆమె తల మీదుగా తలుపు వైపు వెళ్లింది. ఆమె కూడా కోటు చేతపట్టుకునే లేచి, పైకప్పుకేసి చూస్తూ, దాని కిందే తలుపుదాకా నడిచింది. కళ్లు తుడుచుకున్నాక గానీ తను మెట్ల మీద ఉన్నట్టు తెలియలేదు.

పైన తలుపు తీసే ఉంది. మరదలు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మిమ్మల్నే పిలుద్దామనుకుంటున్నా. నిన్న అక్కడే మొదలెట్టిందట వదినా. ఆయా చెప్పింది. నేనూ చూళ్లేదు."

"ముందుకేనా?"

"ముందుకే."

మరదలు జరిగి చోటిచ్చింది. టైలరమ్మ పక్కనే కూర్చుని కాళ్లు చాపింది. మూటమ్మ కుర్చీ కిందనుంచి తల బయటపెట్టి అత్తను చూసింది. గుర్తుపట్టి రెండు పళ్లూ చూపించి నవ్వింది. తర్వాత అంతకంటే ముఖ్యమైన పని గుర్తొచ్చినట్టు, గోడవారనున్న తండ్రి బూట్ల వైపు బయలుదేరింది. దారిలో అత్త కాలు అడ్డొచ్చింది. దాన్ని కాలుగా కాక గట్టుగా లెక్కేసి, రొప్పుతూ ఎక్కింది. ఒక్క క్షణం ఆ బరువంతా, ఆ వెచ్చదనమంతా ఆమె పిక్క మీద ఆగింది. మరుక్షణం అవతలికి దిగి వెళ్లిపోయింది.

"కాలు ముడుచుకోండి వదినా, తొక్కేస్తుంది," అంది మరదలు.

"ఉండనీ," అంది టైలరమ్మ. మళ్లీ ఇటే వస్తుందేమోనని ఆమె కాలు కదపలేదు.